జిహ్వకో రుచి, కీమోకో అరుచి: ఏ ఇబ్బందికి ఏ ఉపాయం

ఆకలి రుచెరుగదంటారు. కీమోథెరపీ తీసుకుంటున్నవారి దగ్గర ఈ సామెత చెల్లదు. కడుపు ఖాళీగా ఉంటుంది, తినాలని మనసులో ఉంటుంది, తినకపోతే నీరసం వస్తుందనీ తెలుసు. అయినా ముద్ద నోట్లో పెట్టగానే నాలుక వద్దంటుంది. మొన్నటిదాకా ఇష్టంగా తిన్నదే ఇవాళ అట్టముక్క నమిలినట్టు ఉంటుంది, లేదా తుప్పుపట్టిన మేకును నాకినట్టు ఉంటుంది.

ఈ దశలో సలహాలకు కొదవ ఉండదు. పుల్లటివి పెట్టమని ఒకరంటారు, పులుపు దరిచేరనివ్వవద్దని మరొకరంటారు. చల్లగా తినమని ఒకరు, వేడివేడిగా అయితేనే గొంతు దిగుతుందని ఇంకొకరు. చిత్రమేమిటంటే వీళ్లలో ఎవరూ తప్పు చెప్పడం లేదు. తమకు పనిచేసినదేదో చెబుతున్నారు, అంతే. రుచి మారడం అనే ఒక్క పేరు కింద కనీసం నాలుగు వేర్వేరు ఇబ్బందులున్నాయి. ఒకదానికి మందైనది ఇంకొకదాన్ని రెట్టింపు చేస్తుంది.

మా అక్కకు కీమో జరిగిన నాలుగు నెలలూ వంటిల్లు నా చేతిలో ఉంది. మొదటి రెండు విడతల్లో నేను చేసిన పొరపాటు ఒక్కటే. పొద్దున్నే వెళ్లి "అక్కా, ఏం తింటావు?" అని అడిగేవాణ్ణి. ఏదీ తినబుద్ధి కాని మనిషిని అలా అడిగితే వచ్చే జవాబు తెలిసిందే. అడగవలసింది "ఇవాళ నోరు ఎలా ఉంది?" అని. ఆ జవాబును బట్టి ఏది ఎంచుకోవాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఏ ఇబ్బందో తేల్చుకోవాలి

నాలుక మీది రుచి కణాలు సుమారు 10 రోజులకొకసారి పాతవి పోయి కొత్తవి పుడుతుంటాయి. త్వరత్వరగా విభజన చెందే కణాలను దెబ్బతీయడమే కీమో మందుల పని. అవి క్యాన్సర్ కణమేదో రుచి కణమేదో చూసి వదిలిపెట్టవు. పాతవి పోతాయి, కొత్తవి ఆలస్యమవుతాయి, నాలుక మొద్దుబారుతుంది. ఇది ఒక కారణం.

రెండోది వేరు. సిస్‌ప్లాటిన్, సైక్లోఫాస్ఫమైడ్ వంటి మందులు ఎక్కిస్తున్నప్పుడే కొందరికి నోట్లో చేదో లోహపు రుచో తెలుస్తుంది. తిన్నదాని రుచి కాదది, మందు రుచి. సెలైన్‌తో మందు ఎక్కించే గొట్టాన్ని శుభ్రం చేస్తున్నప్పుడు కూడా కొందరికి వింత రుచి వస్తుంది. మూడోది లాలాజలం తగ్గడం. ఏ పదార్థమైనా ఉమ్మిలో కరిగితేనే రుచి మొగ్గలకు అందుతుంది, ఎండిన నోటికి పంచదార కూడా ఇసుకే. నాలుగోది ముక్కు. మనం రుచి అనుకునేదాంట్లో పెద్ద భాగం నిజానికి వాసనే. జలుబు చేసినప్పుడు అన్నీ చప్పగా ఉండేది అందుకే. ఇవిగాక పక్కన వాడే మాత్రల సంగతి ఉంది. మెట్రోనిడజోల్, క్లారిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు, చక్కెర వ్యాధికి వాడే మెట్‌ఫార్మిన్ కూడా నోటికి లోహపు రుచి తెప్పించగలవు. నింద మాత్రం కీమో మీద పడుతుంది.

ఇంట్లో తేల్చుకోవడానికి మేము చేసిన పని చాలా చిన్నది. నాలుగు గ్లాసుల నీళ్లు తీసుకుని ఒకదాంట్లో కాస్త పంచదార, ఒకదాంట్లో కాస్త ఉప్పు, ఒకదాంట్లో నాలుగు చుక్కల నిమ్మరసం కలిపి, నాలుగోది ఉత్త నీళ్లుగా ఉంచాం. ఒక్కో గుటక పుక్కిలించి ఎలా ఉందో అక్క చెప్పాలి. నోటిపూత ఉంటే నిమ్మరసం గ్లాసు పక్కన పెట్టండి. అన్నీ ఒకేలా ఉంటే చప్పదనం. ఉత్త నీళ్లే చేదుగానో ఇనుములాగానో ఉంటే ఇబ్బంది ఆహారంలో లేదు, నోట్లో ఉంది. పంచదార నీళ్లు మాత్రమే భరించలేనంతగా ఉంటే తీపి మితిమీరి తెలుస్తోందన్నమాట. ఇక వాసన సంగతి తేల్చడానికి, నచ్చని పదార్థాన్ని ముక్కు మూసుకుని ఒక ముక్క నమలమనండి. అప్పుడు తినగలిగితే దోషి నాలుక కాదు, ముక్కు. ఇది వైద్య పరీక్షేమీ కాదు. అయినా అయిదు నిమిషాల్లో సగం గందరగోళం తీరుతుంది.

ఒకసారి తేల్చుకుంటే సరిపోదు. మూడు వారాల విడతల్లో మొదటి వారం ఒకలా, మూడో వారం మరోలా ఉండటం మామూలే. మందు పడిన తర్వాతి రోజుల్లో ఎక్కువగా ఉండి, తర్వాతి విడత దగ్గరపడేసరికి సర్దుకోవడం చాలామందిలో కనిపిస్తుంది. సర్దుకున్న ఆ వారమే కడుపునిండా తినడానికి దొరికే వారం. దాన్ని బంధువుల పరామర్శలతో గడిపేయకండి.

అన్నీ చప్పగా ఉంటే: ఉప్పా, కారమా, పులుపా?

చేయి మొదట ఉప్పు డబ్బా మీదికే పోతుంది. ఉప్పు పెంచితే రుచి తెలిసే మాట నిజమే. అయితే మొద్దుబారిన నాలుకకు చాలినంత ఉప్పు వేయాలంటే ఆ మోతాదు ఎక్కడికి పోతుందో తెలియదు. రక్తపోటు, గుండె, మూత్రపిండాల ఇబ్బంది ఉన్నవారికి ఈ దారి అసలు వద్దు. వంట చేసేవారి నాలుక కూడా మెల్లగా ఆ ఉప్పుకు అలవాటు పడిపోతుందని నాకు ఆలస్యంగా తెలిసింది.

కారం ఇంకా మోసకారి. మిరపఘాటు అసలు రుచి కాదు, మంట. అది వేరే నరం ద్వారా తెలుస్తుంది. అందుకే రుచి పోయిన నోటికి కూడా కారం తగులుతుంది, "హమ్మయ్య, ఏదో తెలుస్తోంది" అనిపిస్తుంది. ఆ సంబరం నోటిపూత వచ్చేదాకానే. కీమోలో నోటి లోపలి పొర కూడా పలచబడుతుంది కాబట్టి ఇవాళ హాయిగా ఉన్న కారం నాలుగు రోజుల తర్వాత నిప్పవుతుంది. నోరు పూర్తిగా బాగున్నప్పుడు కొద్దిగా మిరియాల పొడి వరకు సరే.

నా ఓటు పులుపుకు. నిమ్మరసం, పుల్లటి పెరుగు, టమాటా, కొద్దిగా వెనిగర్: వీటిలో ఏదైనా చప్పటి పదార్థాన్ని లేపి కూర్చోబెడుతుంది, పైగా నోరు ఊరిస్తుంది. వంటలో ముందుగా వేయకుండా వడ్డించేటప్పుడు పిండితే ఎంత కావాలో తినేవారే నిర్ణయించుకుంటారు. నోట్లో పుండ్లు ఉన్నా, గొంతు మంటగా ఉన్నా, పుల్లటి త్రేనుపులు వస్తున్నా పులుపు ఆపేయాలి, అందులో మొహమాటం వద్దు.

పులుపు పడనివారికి మంచి ప్రత్యామ్నాయం తీపి, పులుపు, ఉప్పు, చేదు కాక శాస్త్రం చెప్పే ఐదో రుచి. 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెడా దీన్ని గుర్తించి ఉమామి అని పేరు పెట్టాడు. తెలుగులో దీనికి స్థిరపడిన మాట లేదు గానీ పుట్టగొడుగులు, బాగా పండి ఉడికిన టమాటా, మాంసం లేదా కూరగాయలు మరగబెట్టిన సూప్‌లలో ఉండే ఆ నిండుదనం అందరికీ తెలిసినదే. ఇది మంట పెట్టదు, లాలాజలాన్ని బాగా ఊరిస్తుంది. పుట్టగొడుగులను దోరగా వేయించి పొడిచేసి సూప్‌లో కలిపితే ఉప్పు పెంచకుండానే పని జరుగుతుంది.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. నాలుక రుచిని మరిచిపోయినా స్పర్శను మరిచిపోదు. కరకరలాడేదీ మెత్తనిదీ, వెచ్చనిదీ చల్లనిదీ ఒకే గిన్నెలో కలిస్తే చప్పదనం కొంత మరుగున పడుతుంది. మెత్తగా పిసికి పెట్టడమే రోగికి పథ్యమని అనుకుంటాం కదా, పుండ్లు లేని నోటికి అది శిక్ష. పుండ్లు ఉన్న నోటికి మాత్రం ఆ మెత్తటిదే గతి.

లోహపు రుచి: చెంచా మార్చాలా, తిండి మార్చాలా?

చెంచా మార్చమనే సలహా అందరూ ఇస్తారు. స్టీలు చెంచా బదులు ప్లాస్టిక్, చెక్క లేదా పింగాణీ చెంచా వాడటం, గాజు గిన్నెలో వండటం. ఖర్చు లేని పని కాబట్టి మొదటి రోజే చేసి చూడండి. కాకపోతే ఒక హద్దు ఉంది. నోట్లో ఏమీ లేనప్పుడు కూడా ఇనుము రుచి వస్తున్నవారికి చెంచా మార్చినా పెద్ద తేడా రాదు, ఎందుకంటే ఆ రుచి చెంచాది కాదు. మూడు రోజులు చూసి తేడా లేకపోతే స్టీలు చెంచా తిరిగి చేతికివ్వండి. చెక్క చెంచాతో సూప్ తాగించడం చూసేవారికి కూడా విసుగే.

తిండి మార్చడంలో లాభం ఎక్కువ. లోహపు రుచి ఉన్నవారికి మొదట దూరమయ్యేది సాధారణంగా ఎర్ర మాంసం, అంటే మేక, గొర్రె మాంసం వంటివి. దాంట్లోని ఇనుము ఆ రుచిని ఇంకా ఎగదోస్తుంది. మాంసం మానితే పోయేదేమిటి అంటే ప్రోటీన్. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారికి బరువులో కిలోకు కనీసం 1 గ్రాము, వీలైతే 1.5 గ్రాముల వరకు రోజూ ప్రోటీన్ అందాలని పోషకాహార మార్గదర్శకాలు చెబుతాయి. 60 కిలోల మనిషికి 60 నుంచి 90 గ్రాములు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారి లెక్క వేరు, అది డాక్టరే చెప్పాలి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, ఒక గ్లాసు పాలలో 7 నుంచి 8 గ్రాములు ఉంటాయి. గుడ్డు, పెరుగు, పనీర్, పప్పుదినుసులు, చేప, కోడిమాంసం: ఇందులో ఏవి నోటికి సరిపడతాయో ఒక్కొక్కటి చూసుకోవాలి. మా ఇంట్లో గుడ్డు గెలిచింది, చేప మొదటి వాసనకే ఓడిపోయింది. ఇంకొకరి ఇంట్లో తారుమారు కావచ్చు, జిహ్వకో రుచి అని ఊరికే అనలేదు.

మాంసమే కావాలనుకుంటే నిమ్మరసంలోనో పెరుగులోనో నానబెట్టి వండి, కాస్త చల్లారాక పెట్టి చూడండి. భోజనాల మధ్య చక్కెర లేని పుదీనా బిళ్లలు, నిమ్మ బిళ్లలు, చూయింగ్ గమ్ లోహపు రుచిని కప్పిపెడతాయి. మందు ఎక్కిస్తున్నప్పుడే రుచి వచ్చేవారికి ఆ సమయంలో ఒక బిళ్ల చప్పరించడం తేలికైన ఉపాయం. ఏ బిళ్ల వాడాలనే విషయంలో ఒక చిక్కుంది, అది కింద చెబుతాను.

తీపి వెగటైనప్పుడు

దీని బాధ ముఖ్యంగా పోషక పానీయాల దగ్గర వస్తుంది. బరువు తగ్గుతున్నవారికి డాక్టర్లు రాసే డబ్బా పానీయాలు చాలావరకు తీపివే. రెండు గుటకలకే మొహం మొత్తుతుంది. ఇక్కడ ఎంచుకోవడానికి మూడు రకాలున్నాయి. పాలలా చిక్కగా ఉండేవి, పండ్లరసంలా పలచగా ఉండేవి, ఏ రుచీ లేని పొడులు. తీపి వెగటు ఉన్నవారు మూడో రకాన్ని అడగండి. సూప్‌లో, మెత్తగా ఉడికిన పప్పులో, పెరుగులో కలిపితే ఉన్నట్టే తెలియదు. పాలవాసన పడనివారికి పండ్లరసం రకం నయం. కానీ అందులో పులుపు ఉంటుంది కాబట్టి పుండ్ల నోటికి కుదరదు. ఒక్కో డబ్బాలో ఎంత ప్రోటీన్ ఉందో కూడా పోల్చి చూడండి, పండ్లరసం రకాల్లో తక్కువ ఉండవచ్చు. డబ్బాలు పెట్టెలకొద్దీ ముందే కొనేయకండి. ఒక్కొక్కటి తెచ్చి చూడండి, ఈ వారం నచ్చినది వచ్చే వారం నచ్చుతుందన్న హామీ లేదు.

ఇప్పటికే కొన్న తీపి పానీయం ఉంటే చల్లగా చేయండి. చల్లటి పదార్థంలో తీపి తక్కువగా తెలుస్తుంది. చిటికెడు ఉప్పు వేసినా, పాలతో పలచన చేసినా తీపి విరుగుతుంది. ఉప్పు మితిమీరి తెలిసేవారికి దీనికి తిరగేసిన లెక్క, అంటే కాస్త తీపి కలపడం.

వేడిదా, చల్లదా?

వాసన ఇబ్బంది ఉన్నవారికి జవాబు సులువు: చల్లదే. వేడి పదార్థం నుంచి ఆవిరితోపాటు వాసన లేస్తుంది, చల్లారినదాని నుంచి లేవదు. వంట జరిగేటప్పుడు వాళ్లను వేరే గదిలో ఉంచడం, మూతపెట్టిన కప్పులో స్ట్రాతో తాగించడం కూడా అదే సూత్రం. చప్పదనం ఉన్నవారికి ఇది పూర్తిగా తిరగబడుతుంది. వాళ్లకు ఉన్న కాస్త రుచినీ పైకి తెచ్చేది వెచ్చదనమే. ఫ్రిజ్‌లోంచి తీసిన చప్పటి కూర వాళ్లకు మరింత చప్పన. నోటిపూత ఉన్నవారికి వేడీ వద్దు, మరీ చల్లనా వద్దు, గోరువెచ్చగా చాలు.

ఇక్కడే ఆ చిక్కు. ఆక్సాలిప్లాటిన్ అనే మందు తీసుకునేవారికి చల్లటిదంటే గిట్టదు. ఇష్టాయిష్టాల మాట కాదు. మందు పడిన తర్వాత కొన్ని రోజులపాటు చల్లటి నీళ్లు తాగితే గొంతు పట్టేసినట్టు, ఊపిరి ఆడనట్టు అనిపించవచ్చు, వేళ్లు జిల్లుమంటాయి. ఐసు ముక్కలు, ఐస్‌క్రీం, ఫ్రిజ్ నీళ్లు అన్నీ ఆ రోజుల్లో పక్కన పెట్టాలి. నోటికి చల్లదనం పుట్టించే పుదీనా బిళ్లలు కూడా ఆ రోజుల్లో కొందరికి అదే జిల్లును తెప్పిస్తాయేమో చూసుకుని వాడండి. మరోవైపు ఫ్లోరోయురాసిల్‌ను ఒక్కసారిగా ఇంజెక్షన్‌లా ఇచ్చేటప్పుడు 30 నిమిషాలపాటు ఐసు ముక్కలు చప్పరిస్తే నోటిపూత తగ్గుతుందని పరీక్షల్లో తేలింది, మార్గదర్శకాలూ సూచిస్తాయి. చల్లదనానికి నోటి రక్తనాళాలు కుంచించుకుని అక్కడికి మందు తక్కువగా చేరుతుంది. చిక్కేమిటంటే ఈ రెండు మందులనూ కలిపి ఇచ్చే పద్ధతి పెద్దపేగు క్యాన్సర్‌లో చాలా మామూలు. పక్క మంచం వారు ఐసు చప్పరించారని మీరూ మొదలుపెట్టకండి. "నా మందుల్లో ఆక్సాలిప్లాటిన్ ఉందా?" అని నర్సును ఒక్కమాట అడగండి.

ఇష్టమైనదా, కొత్తదా?

అన్నిటికన్నా ఎక్కువ పొరపాటు జరిగేది ఇక్కడే, అదీ ప్రేమ వల్ల. కీమోకు వెళ్లే రోజు పొద్దున్న ఇంట్లో అందరికీ ఒకటే ఆరాటం: ఇవాళ తనకు బాగా ఇష్టమైనది చేసి పెట్టాలి. చేయకండి.

1955లో అమెరికాలో జాన్ గార్సియా, మరో ఇద్దరు పరిశోధకులు ఎలుకలకు శాకరిన్ కలిపిన తియ్యటి నీళ్లిచ్చి, అదే సమయంలో రేడియేషన్‌కు గురిచేశారు. వాటి ఒంట్లో బాగోలేకపోయింది. తర్వాత ఆ ఎలుకలు తియ్యటి నీళ్ల జోలికి పోవడం తగ్గించేశాయి. ఏది తిన్నాక కడుపులో తిప్పిందో దాన్ని దూరం పెట్టమని మెదడు శాసిస్తుంది, నిజంగా తప్పెవరిదో విచారణ చేయదు. 1978లో ఐలీన్ బెర్న్‌స్టీన్ ఇదే సంగతిని కీమో తీసుకుంటున్న పిల్లల్లో చూపించారు. మందుకు ముందు ఒక కొత్తరకం ఐస్‌క్రీం తిన్న పిల్లలు ఆ తర్వాత దాన్ని మిగతా పిల్లలకన్నా తక్కువగా కోరుకున్నారు. కడుపులో తిప్పింది మందువల్లేనని బుద్ధికి తెలిసినా ఈ ఏవగింపు ఆగదు. అది బుద్ధి మాట వినే చోట పుట్టేది కాదు.

దీన్నే మనకు అనుకూలంగా తిప్పుకునే దారి ఉంది. 1987లో ఆమే మరో పరిశోధకురాలితో కలిసి పిల్లలకు భోజనానికీ మందుకూ మధ్య ఘాటైన రుచి ఉన్న ఒక బిళ్లను ఇచ్చి చూశారు. నింద ఆ బిళ్ల మీదికి పోయింది, భోజనంలోని పదార్థాల మీద అయిష్టత తగ్గింది. బలిపశువు అన్నమాట. కాబట్టి మందు రోజు ఎంపిక ఇది: మీరు ఎప్పటికీ వదులుకున్నా బాధలేని తేలికపాటి తిండి, దాని తర్వాత మామూలుగా తినని ఏదో ఒక బిళ్ల. ఇష్టమైన వంటకం మూడో వారానికి దాచండి. అక్కకు ఎంతో ఇష్టమైన పాలకోవాను నేను మొదటి విడత రోజున స్వయంగా చేసి తీసుకెళ్లాను. ఆ పేరు ఎత్తితే ఇప్పటికీ మొహం పక్కకు తిప్పుకుంటుంది.

పుక్కిలింతలు

మూడు మార్గాలున్నా నిజానికి పోటీ లేదు. ఒక కప్పు గోరువెచ్చని నీళ్లలో పావు టీస్పూను వంటసోడా, అందులో సగం ఉప్పు కలిపి భోజనానికి ముందు పుక్కిలించి ఉమ్మేయడమే అన్నిటికన్నా మేలు. నోట్లో పేరుకున్న పాత రుచిని కడిగేస్తుంది, మంట పెట్టదు. దాని రుచికే వికారం వచ్చేవారు ఉత్త నీళ్లతో సరిపెట్టుకోవచ్చు. అంగట్లో దొరికే మౌత్‌వాష్‌లలో ఆల్కహాల్ ఉన్నవి నోటిని ఎండబెట్టి మండిస్తాయి. క్లోర్‌హెక్సిడిన్ ఉన్నవి తామే రుచిని చెడగొడతాయి, పళ్లకు మరకలు పట్టిస్తాయి. డాక్టరు ప్రత్యేకంగా రాస్తే తప్ప వాటి అవసరం లేదు. మెత్తటి బ్రష్‌తో పళ్లతోపాటు నాలుకను కూడా సున్నితంగా తోమడం మరిచిపోకండి.

మాత్రలతో రుచి వస్తుందా?

జింక్ మాత్రల పేరు తప్పకుండా వింటారు. ఒంట్లో జింక్ లోపం ఉంటే రుచి మందగిస్తుంది, లోపం తీరితే తిరిగి వస్తుంది, అంతవరకు నిజం. కీమో వల్ల పోయిన రుచిని జింక్ తెస్తుందా అన్నది వేరే ప్రశ్న. చిన్న పరీక్షలు కొన్నింటిలో లాభం కనిపించినా, కీమో తీసుకుంటున్నవారి మీదా తల, మెడ రేడియేషన్ పొందుతున్నవారి మీదా ఉత్తుత్తి మాత్రతో పోల్చి చేసిన పరీక్షల్లో తేడా కనిపించలేదు. ఎక్కువైతే జింక్‌తోనే వికారం వస్తుంది. పెద్దవారికి రోజుకు 40 మిల్లీగ్రాములు దాటకూడదన్నది సాధారణ హద్దు, చాలాకాలం మించితే ఒంట్లో రాగి తగ్గిపోతుంది. రక్తపరీక్షలో లోపం తేలితే వాడండి, లేకపోతే ఆ డబ్బు గుడ్లకు పెట్టండి.

పశ్చిమ ఆఫ్రికాకు చెందిన మిరాకిల్ బెర్రీ అనే ఎర్రటి పండు సంగతి కూడా వినిపిస్తుంటుంది. దాంట్లోని మిరాక్యులిన్ అనే ప్రోటీన్ నాలుకకు అంటుకుని కొంతసేపు పుల్లటివన్నీ తియ్యగా అనిపించేలా చేస్తుంది. నిజంగానే చేస్తుంది, ఇంద్రజాలంలా ఉంటుంది. కానీ నిమ్మకాయ నోటికి తియ్యగా ఉన్నంతమాత్రాన పుండుకూ కడుపుకూ తియ్యగా ఉండదు కదా. కీమోలో దీన్ని చూసిన పరీక్షలు చాలా చిన్నవి. సరదాకు సరే, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

వంటింటి చేతిలో లేనివి

నాలుక మీదా బుగ్గల లోపలా తెల్లటి పొర, గీకితే ఎర్రగా కనిపించడం: ఇది ఫంగస్ ఇన్‌ఫెక్షన్ కావచ్చు. నోటి రుచి చెడటానికి ఇదీ ఒక కారణం, మందుతో తగ్గుతుంది. ఏ చెంచా మార్చినా తగ్గదు. అలాగే వికారాన్ని అరుచి అనుకుని నిమ్మకాయలతో కాలక్షేపం చేసేవారిని చూశాను. వాంతి తగ్గించే మాత్రలు సరిపోవడం లేదని చెబితే డాక్టరు మార్చడానికి వేరే మాత్రలున్నాయి. చెప్పకపోతే ఎవరికీ తెలియదు.

బరువు వారానికొకసారి చూడండి. నెలలో 5 శాతం తగ్గితే, అంటే 60 కిలోల మనిషి 3 కిలోలు తగ్గితే, పోషకాహార నిపుణులను కలవాల్సిందే. నీళ్లు కూడా దిగకపోతే ఆ రోజే ఫోన్ చేయాలి. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటితే రుచి మాట పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంకొక ప్రలోభం ఉంది. ఏదీ తినని మనిషి ఏదో ఒకటి అడిగితే ఎగిరి గంతేసి తెచ్చిపెడతాం. మందు పడిన 7 నుంచి 14 రోజుల మధ్య చాలామందిలో తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి, ఇన్‌ఫెక్షన్‌ను అడ్డుకునే బలం తగ్గుతుంది. ఆ రోజుల్లో పచ్చి గుడ్డు, సగం ఉడికిన మాంసం, కాచని పాలు, పచ్చి మొలకలు, కోసి బయట పెట్టిన పండ్లు ఎంత నోరూరించినా వద్దు. కడిగి మీరే తొక్క తీసిన పండు నిరభ్యంతరంగా ఇవ్వండి.

ఎంతకాలం?

కీమో వల్ల వచ్చిన మార్పు చాలామందిలో చివరి విడత తర్వాత కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల్లో సర్దుకుంటుంది. తలకూ మెడకూ రేడియేషన్ కూడా జరిగితే ఆరు నెలలు, ఏడాది పట్టవచ్చు, కొందరిలో కొంత తేడా మిగిలిపోతుంది. ఈలోగా వద్దన్న పదార్థాలను శాశ్వతంగా కొట్టివేయకుండా రెండు మూడు వారాలకొకసారి ఒక్క ముక్క పెట్టి చూడండి. ఒక చిన్న పుస్తకంలో విడతలో ఎన్నో రోజు, నోరు ఎలా ఉంది, ఏది దిగింది అని రాసుకుంటే తర్వాతి విడతకు అదే మీ వంట పుస్తకం. మా పుస్తకంలో నాలుగో విడత నుంచి పేజీలు దాదాపు ఒకేలా ఉన్నాయి: మొదటి ఆరు రోజులూ గుడ్డు, పెరుగు, నిమ్మ; ఆపైన సూప్; మూడో వారం అన్నీ.

చివరి విడత అయిన ఆరో వారంలో ఒక సాయంత్రం అక్క ఎప్పటి సూపే రెండు చెంచాలు తాగి ఆగింది. నావైపు చూసి "ఉప్పెక్కువైందిరా" అన్నది. నేనూ రుచి చూశాను. నాకేమీ తేడా తెలియలేదు. పక్కింటి ఆవిడకు కాస్త ఇచ్చి అడిగితే, ఇంత ఉప్పు ఎలా తాగుతున్నారని ఆశ్చర్యపోయింది.